బ్లాడర్ నొప్పి ఉన్నవాళ్లకు ఏ కాన్పు: నార్మలా, సిజేరియనా?

"నీకు ఎలాగూ ఒంటికి వెళ్లే బాధ ఉంది కదా, హాయిగా ఆపరేషన్ చేయించేసుకో" అని ఒకరు. "కోత పడేది ఆ చోటే, ఉన్న నొప్పి రెండింతలవుతుంది, నార్మలే మంచిది" అని ఇంకొకరు. ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ (ఇన్ఫెక్షన్ లేకుండానే బ్లాడర్‌లో ఉండే దీర్ఘకాల నొప్పి) ఉండి కడుపుతో ఉన్న ఆడవాళ్లలో ఈ రెండు మాటలూ విననివాళ్లు తక్కువ. నేను ఒకే వారంలో, ఒకే ఇంట్లో విన్నాను. మొదటిది మా అత్తయ్య మాట, రెండోది మా అమ్మది. ఇద్దరూ చెరి సగం కరెక్టే, అందుకే అంత టెన్షన్ పడ్డాను.

నాకు రెండు కాన్పులు. మొదటిది నార్మల్, చివర్లో వాక్యూమ్ (బిడ్డ తలకి కప్పు అంటించి లాగే పద్ధతి) పెట్టి తీశారు. రెండోసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటంతో సిజేరియన్. మొదటిదాని తర్వాత ఐదు నెలలు కూర్చోలేక, పడుకోలేక, గంటకోసారి బాత్రూమ్‌కి పరిగెత్తాను. రెండోదాని తర్వాత మూడు వారాల్లో తేరుకున్నాను. అయితే సిజేరియనే మేలని చెప్పబోతోందనుకోకండి. మొదటిసారి లేబర్ రూమ్‌లో ఉన్నవాళ్లెవరికీ నా జబ్బు సంగతే తెలియదు, నేనూ చెప్పలేదు, నొప్పుల్లో ఉన్నప్పుడు అవన్నీ ఎవరికి గుర్తుంటాయి. రెండోసారి మాత్రం నాలుగు ముక్కలు ముందే ఫైల్లో రాయించుకున్నాను. ఆ రెండు కాన్పుల తేడాలో పద్ధతి వాటా కన్నా ఆ నాలుగు ముక్కల వాటాయే ఎక్కువని నా నమ్మకం.

నేను డాక్టర్‌ని కాదు. బిడ్డ పొజిషన్, మాయ ఉన్న చోటు, మీ బీపీ, ఇవన్నీ చూసి చివరి మాట చెప్పాల్సింది మీ గైనకాలజిస్టే. ఆవిడ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

## ముందు మీది ఏ బ్లాడర్ జబ్బో తేల్చుకోండి

మా నాయనమ్మ భాషలో అన్నీ 'ఉచ్చబుడ్డ జబ్బే'. కానీ కాన్పు దగ్గరికొచ్చేసరికి వీటి దారులు వేరు.

ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్, దీన్నే బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా అంటారు, ముఖ్యంగా నొప్పి జబ్బు. ఆరు వారాలకు మించి పొత్తికడుపులో నొప్పో ఒత్తిడో ఉంటుంది, మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి వస్తుంది, యూరిన్ కల్చర్ పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ ఏమీ ఉండదు. దగ్గితే తుమ్మితే యూరిన్ పడిపోవడం వేరే సమస్య. "నార్మల్ డెలివరీ అయితే బ్లాడర్ వదులైపోతుంది, సిజేరియన్ అయితే కాపాడుకున్నట్టే" అనే మాట ఈ రెండో సమస్య గురించి పుట్టింది. అందులో నిజం లేకపోలేదు, యూరిన్ లీకవడం, గర్భసంచి జారడం లాంటివి నార్మల్ కాన్పుల తర్వాతే ఎక్కువ. కానీ మనలాంటివాళ్లలో చాలామందికి కటి కింది కండరాలు వదులుగా ఉండవు, అవసరానికి మించి బిగుసుకుపోయి ఉంటాయి. వదులు సమస్య కోసం చెప్పిన సలహాని బిగువు సమస్యకి అంటగడితే ఎలా?

వెన్నుపూస దెబ్బ తగిలినవాళ్లు, పుట్టుకతో వెన్నెముక లోపం ఉన్నవాళ్లు, పేగు ముక్కతో బ్లాడర్‌ని పెద్దది చేయించుకున్నవాళ్లు, బ్లాడర్ మెడ దగ్గర ఆపరేషన్ అయినవాళ్లు ఈ పోలికతో నిర్ణయం తీసుకోవద్దు. బ్లాడర్ మెడని సరిచేయించుకున్నవాళ్లకు ఆ రిపేరు చెడిపోకుండా సిజేరియన్ వైపు మొగ్గడం మామూలే, ఆ సమయానికి యూరాలజిస్ట్ కూడా థియేటర్‌లో ఉండటం మంచిది. ఛాతీ మధ్య భాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు నొప్పుల సమయంలో బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగొచ్చు, వాళ్లకు ఎపిడ్యూరల్ (వెన్నులో సన్నని గొట్టం పెట్టి ఇచ్చే నొప్పి మందు) త్వరగా పెట్టడం నొప్పి తగ్గించడానికే కాదు, ప్రాణరక్షణకు కూడా. వీళ్లంతా పెద్ద ఆస్పత్రిలోనే చూపించుకోవాలి.

ఇంకో మాట. ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ ఒక్కటే సిజేరియన్ చేయడానికి వైద్యపరమైన కారణం కాదు. ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఇలాంటి చోట మీ జబ్బు పేరు చెప్పగానే అది ఒక సులువైన కారణంగా మారిపోయే వీలుంది. సిజేరియన్ చేద్దామంటే "బ్లాడర్ కోసమా, ఇంకేదైనా ఉందా మేడమ్?" అని నిదానంగా అడగండి. ఇంకేదైనా ఉంటే వినండి. బ్లాడర్ కోసమే అంటే ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నొప్పి ఎక్కడ పుడుతోంది? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. బ్లాడర్ నిండేకొద్దీ నొప్పి పెరిగి, ఒంటికి వెళ్లాక కాస్త హాయిగా ఉంటే బ్లాడర్ గోడ వైపు అనుమానించాలి. కలయికలో నొప్పి, ధార మొదలవ్వడానికి చాలాసేపు పట్టడం, ఎక్కువసేపు కూర్చుంటే తోకెముక దగ్గర సలుపు, మలబద్ధకం, ఇవి ఉంటే కటి కింది కండరాల వైపు. పెల్విక్ ఫ్లోర్ (ఈ కటి కింది కండరాలు) గురించి తెలిసిన ఫిజియోథెరపిస్ట్ గానీ గైనకాలజిస్ట్ గానీ లోపలి పరీక్షలో వేలితో నొక్కి చూస్తే ఏ కండరం బిగుసుకుందో చెప్పగలరు. చాలామందికి రెండూ ఉంటాయి, ఏది ఎక్కువన్నదే తెలుసుకోవాల్సింది.

యూరిన్ పైపు అంటే మీ ఒంటికి ఎంత భయం? సిస్టోస్కోపీ (బ్లాడర్ లోపలికి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్ష) అప్పుడో, బ్లాడర్‌లోకి మందు ఎక్కించినప్పుడో ఎన్నాళ్లు మంట పెట్టిందో గుర్తు తెచ్చుకోండి. రెండు రోజుల్లో సర్దుకుందా, మూడు వారాలు పట్టిందా?

ఇంకా పిల్లలు కావాలా? మొదటి సిజేరియన్ నిర్ణయం మొదటి కాన్పుతో అయిపోయేది కాదు.

పొట్టలో పాత కోతలున్నాయా? ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) మనవాళ్లలో చాలామందికి తోడుగా ఉంటుంది. దానికి ఆపరేషన్ అయి ఉంటే లోపల అవయవాలు ఒకదానికొకటి అంటుకున్న అతుకులు ఉండొచ్చు.

మీరు వెళ్లే ఆస్పత్రి ఎలాంటిది? ఇరవై నాలుగు గంటలూ మత్తు డాక్టర్ అక్కడే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? చిన్న పట్టణాల్లో ఎక్కువగా రెండోదే. ఎపిడ్యూరల్ నమ్ముకుని వెళ్లి రాత్రి రెండింటికి "డాక్టర్ గారు ఊళ్లో లేరు" అనిపించుకోవడం కన్నా ఏడో నెలలోనే అడిగేయడం నయం. సర్కారు ఆస్పత్రుల్లో జననీ శిశు సురక్ష కింద నార్మల్ అయినా సిజేరియన్ అయినా డబ్బు కట్టక్కర్లేదు, కానీ ఎపిడ్యూరల్ అన్ని చోట్లా దొరకదు.

## ఒక్కో దారీ ఎలా ఉంటుంది

### ఎపిడ్యూరల్ లేకుండా నార్మల్

దీని పెద్ద లాభం చాలామందికి తట్టదు: మామూలుగా అయితే యూరిన్ పైపు అక్కర్లేదు. బ్లాడర్ నిండిందని మీకే తెలుస్తుంది, లేచి వెళ్లొస్తారు. పొట్ట మీద కోత లేదు, మర్నాటికే నడుస్తారు, నొప్పి మాత్రలు తక్కువ.

నష్టమల్లా కింద భాగానికే. బిడ్డ తల దిగేటప్పుడు బ్లాడర్‌నీ మూత్రనాళాన్నీ ఎముకకేసి నొక్కుతుంది. ముందే బిగుసుకున్న కండరాలు నొప్పికి ఇంకా బిగుసుకుంటాయి, దానివల్ల బిడ్డ దిగడం ఆలస్యమై నొప్పి ఇంకా పెరగొచ్చు. మాటిమాటికీ లోపలి పరీక్షలు కూడా మనవాళ్లకు చిన్న విషయం కాదు, "ఇప్పుడు తప్పనిసరా మేడమ్?" అని అడగడంలో తప్పులేదు.

చేయగలిగినవి ఉన్నాయి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి కట్టే బదులు పక్కకి తిరిగి పడుకుని గానీ మోకాళ్ల మీద చేతులానించి గానీ కనడానికి ఒప్పుకుంటారా అని ముందే అడగండి. రెండు గంటలకోసారి ఒంటికి వెళ్లండి. తల బయటపడే సమయంలో వేడినీళ్లలో తడిపిన గుడ్డతో కింద కాపడం పెడితే పెద్ద చీలికలు తగ్గుతాయి. మొదటి కాన్పు వాళ్లు 34, 35 వారాల నుంచి యోని అంచుని నూనెతో మెల్లగా సాగదీసే మసాజ్ చేసుకుంటే కోత అవసరం తగ్గుతుంది, చేసుకుంటే నొప్పి రేగుతున్నవాళ్లు మాత్రం ఆపేయండి. మొదటి కాన్పు అనగానే అందరికీ కింద కోత పెట్టేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే వద్దంది, మన లేబర్ రూములకి ఆ కబురు ఇంకా పూర్తిగా అందినట్టు లేదు.

కీగల్ వ్యాయామాలు (కటి కింది కండరాల్ని బిగించి వదిలేవి) చేయమని ఎవరైనా చెబితే ఆగండి. కండరాలు నొప్పిగా, బిగుసుకుని ఉన్నవాళ్లు ఇంకా బిగించడం నేర్చుకోకూడదు, మనకి కావాల్సింది వదలడం. గొంతుక్కూర్చోవడం, పొట్టలోకి లోతుగా ఊపిరి తీయడం, ఇవి వదలడం నేర్పుతాయి.

### ఎపిడ్యూరల్‌తో నార్మల్

కండరాల నొప్పి ఎక్కువున్నవాళ్లకు, లోపలి పరీక్ష అంటేనే వణికేవాళ్లకు ఇది మంచి మధ్యే మార్గం. నొప్పి తగ్గితే కండరం వదులుతుంది, కొందరికి ఆ తర్వాతే గర్భసంచి మూతి తొందరగా తెరుచుకుందని చెప్పే డాక్టర్లూ ఉన్నారు.

దీని వెల: బ్లాడర్ నిండిన సంగతి తెలియదు. అందుకని గంటల లెక్కన పైపు పెట్టి ఖాళీ చేస్తారు, లేదా ఒకటే పైపు పెట్టి కాన్పు దాకా వదిలేస్తారు. ఎవరూ పట్టించుకోకపోతే బ్లాడర్ లీటరు దాకా ఉబ్బిపోయిన సందర్భాలూ ఉన్నాయి, మన బ్లాడర్‌కి అంతకు మించిన శిక్ష లేదు. ముక్కే సమయం కూడా కాస్త పొడుగవుతుంది, మందు డోసు ఎక్కువైతే వాక్యూమ్ అవసరం పెరగొచ్చు. తక్కువ డోసు, కాళ్లు కదిలించగలిగేంత, అడగండి.

### వాక్యూమ్, ఫోర్సెప్స్

ఇది ఎవరూ కోరుకుని తెచ్చుకునేది కాదు, కానీ అప్పటికప్పుడు అడుగుతారు కాబట్టి ముందే ఆలోచించి పెట్టుకోవాలి. రెండింటిలో ఫోర్సెప్స్ (బిడ్డ తలని పట్టి లాగే పటకార్లు) పెల్విక్ కండరాల్ని ఎక్కువ గాయపరుస్తాయి. నా మొదటి కాన్పులో వాక్యూమ్ పెట్టారు, అది కాదు నా ఫిర్యాదు, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గితే ఎవరైనా అదే చేస్తారు. దానికి ముందు రెండున్నర గంటలు వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి బిగపట్టి ముక్కమ్మా ముక్కమ్మా అని అరిచారే, అది.

### ముందే అనుకుని చేయించుకునే సిజేరియన్

కింది కండరాల మీద బిడ్డ తల ఒత్తిడి పడదు, కింద చీలికలూ కుట్లూ ఉండవు, తేదీ తెలుసు, పైపు ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు తీయాలో ముందే మాట్లాడుకోవచ్చు. కండరాల నొప్పి తీవ్రంగా ఉండి, ఫిజియోథెరపీకీ లొంగనివాళ్లకు ఇది సరైన దారే కావచ్చు.

కానీ లోపల జరిగేది కూడా తెలియాలి. గర్భసంచి కింది భాగానికి ముందువైపు బ్లాడర్ అతుక్కుని ఉంటుంది. కోత పెట్టడానికి చాలా ఆస్పత్రుల్లో దాన్ని విడదీసి కిందికి నెడతారు. మొదటి సిజేరియన్‌లో బ్లాడర్‌కి గాయమవడం చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురికి. రెండోసారి, మూడోసారి అతుకుల వల్ల ఆ అవకాశం పెరుగుతుంది. మాయ పాత కోత మీద పాతుకుపోయే ప్రమాదం కూడా ప్రతి సిజేరియన్‌తో పెరుగుతూ పోతుంది, అది బ్లాడర్ దాకా పాకితే మామూలు కష్టం కాదు. మొదటిది సిజేరియన్ అయినా రెండోది నార్మల్‌కి ప్రయత్నించొచ్చు, ప్రయత్నించినవాళ్లలో 60 నుంచి 80 శాతం మందికి అవుతుంది. పాత కోత విచ్చుకునే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి, అందుకని వెంటనే ఆపరేషన్ చేయగలిగే చోటే ప్రయత్నించాలి.

నొప్పి సంగతికొస్తే, కోత సరిగ్గా బ్లాడర్ ముందే. రెండు వారాల పాటు అక్కడ నొప్పి వచ్చినప్పుడల్లా ఇది కోతా, బ్లాడరా అని తేల్చుకోలేక నాకు పిచ్చెక్కింది. గట్టి నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి, మలబద్ధకం పెల్విక్ నొప్పిని రేపుతుంది.

ముహూర్తాల గురించి ఒక్క మాట, ఎవరూ నొచ్చుకోవద్దు. అర్జెంటు కారణం లేనప్పుడు 39 వారాలు నిండకుండా సిజేరియన్ చేస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బందులు పెరుగుతాయి. పంతులుగారిని 39 దాటిన తేదీల్లోనే చూడమనండి, ఆయనకేం అభ్యంతరం ఉండదు.

### నొప్పులు పడ్డాక సిజేరియన్

మన జబ్బుకి అన్నిటికన్నా కష్టమైనది ఇదే: కిందా నలుగుతుంది, పైనా కోత పడుతుంది. తప్పనప్పుడు తప్పదు, బిడ్డ ముఖ్యం. కానీ మీకు ఇలా అయ్యే అవకాశం ఎక్కువుందని డాక్టర్ ముందే అనుకుంటుంటే ఆ మాట 36 వారాలకే బయటపెట్టమని అడగండి, అప్పుడు ముందే అనుకుని చేయించుకునే సిజేరియన్ తూకం మారుతుంది.

| | యూరిన్ పైపు | కింది కండరాలు | పొత్తికడుపు | తర్వాతి కాన్పు |
|---|---|---|---|---|
| నార్మల్, ఎపిడ్యూరల్ లేకుండా | సాధారణంగా అక్కర్లేదు | ఒత్తిడి, చీలిక | కోత లేదు | తేలిక |
| నార్మల్, ఎపిడ్యూరల్‌తో | ఉంటుంది, లేదా మధ్యమధ్య పెట్టి తీస్తారు | ఒత్తిడి ఉన్నా బిగువు తక్కువ | కోత లేదు | తేలిక |
| వాక్యూమ్, ఫోర్సెప్స్ | తరచుగా పెట్టి తీస్తారు | ఎక్కువ గాయం, ఫోర్సెప్స్‌తో మరీ | కోత లేదు | మళ్లీ నార్మల్ కావచ్చు |
| అనుకున్న సిజేరియన్ | తప్పకుండా, గంటల నుంచి ఒక రోజు | దెబ్బ తినవు | బ్లాడర్ ముందే కోత | అతుకులు, మాయ సమస్యలు |
| నొప్పుల తర్వాత సిజేరియన్ | తప్పకుండా | కొంత నలుగుతాయి | కోత | పైదానిలాగే |

## అయితే ఎవరికి ఏది?

గోడ నొప్పి ఎక్కువ, పైపు పెడితే వారాల పాటు మంట, కండరాలు పర్లేదు, ఇంకో బిడ్డ కూడా కావాలి: ఎపిడ్యూరల్ లేని నార్మల్‌ని మొదట ఆలోచించండి. నొప్పి తట్టుకోలేనేమో అని భయపడితే ఎపిడ్యూరల్‌ని చేతిలో ఉంచుకోండి, అది ఓటమి కాదు.

కండరాల నొప్పే ముఖ్యం, పైపుతో పెద్ద ఇబ్బంది లేదు: ఐదో నెల నుంచే ఫిజియోథెరపీ మొదలుపెట్టి, ఎపిడ్యూరల్‌తో నార్మల్. ఇక్కడ చాలామంది నేరుగా సిజేరియన్‌కి దూకుతారు, నాకు అది తొందరపాటు అనిపిస్తుంది. ఫిజియోథెరపీ సరిగ్గా చేసి, అప్పటికీ వేలు కూడా పెట్టనివ్వలేని స్థితిలో ఉంటే అప్పుడు సిజేరియన్ న్యాయమే.

రెండూ తీవ్రంగా ఉన్నాయి, ఇదే చివరి బిడ్డ, లోపలి పరీక్ష తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు: అనుకున్న సిజేరియన్. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మొదటి కాన్పు సిజేరియన్, ఆ తర్వాత బ్లాడర్ నొప్పి మొదలైంది లేదా పెరిగింది: ఇది కాస్త చిక్కే. పాత ఆపరేషన్ కాగితాలు తెప్పించండి, అతుకులున్నాయని అందులో రాశారేమో చూడమనండి. అతుకులు బాగా ఉంటే నార్మల్‌కి ప్రయత్నించడానికి అదొక అదనపు కారణం, మళ్లీ అక్కడే తెరవడం తప్పుతుంది కాబట్టి.

గర్భంలో నొప్పి బాగా తగ్గిపోయినవాళ్లూ ఉంటారు, ముఖ్యంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. ఆ ధీమాతో ప్లాన్ మానేయకండి, తొమ్మిదో నెలలో బిడ్డ తల దిగాక మళ్లీ పలకరించొచ్చు.

## పైపు సంగతి, నిజంగా బేరం ఆడాల్సింది ఇక్కడే

నార్మలా సిజేరియనా అన్నదానిలో మన చేతిలో ఉండేది కొంతే. పైపు విషయంలో మాత్రం చాలా ఉంది, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

సిజేరియన్‌కి చాలా చోట్ల వార్డులోనే, మెలకువగా ఉన్నప్పుడే నర్సు పైపు పెట్టేస్తారు, అలవాటు అంతే. వెన్నులో సూది ఇచ్చి తిమ్మిరి ఎక్కాక థియేటర్‌లో పెట్టమంటే మీకు తెలియనే తెలియదు. నా రెండో కాన్పులో నేను అడిగిన మొదటి విషయం ఇదే, మత్తు డాక్టర్ "దానికేముంది" అన్నారు, అంత తేలిగ్గా అయిపోయింది. ఎపిడ్యూరల్‌కీ అంతే, మందు పనిచేశాకే.

సైజు 16 బదులు 12 గానీ 14 గానీ సరిపోతుందేమో అడగండి. రబ్బరు కన్నా సిలికాన్ పైపు కొందరికి మంట తక్కువ. తిమ్మిరి లేకుండా పెట్టాల్సి వస్తే తిమ్మిరెక్కించే జైలోకైన్ జెల్లీ రాసి వెంటనే తోసేయకుండా కొన్ని నిమిషాలు ఆగమనండి. పెట్టాక తొడకి టేపుతో అంటించాలి, లేకపోతే కదిలినప్పుడల్లా లాగుతుంది.

ఎప్పుడు తీస్తారన్నది అన్నిటికన్నా ముఖ్యం. చివరి మత్తు డోసు తర్వాత 12 గంటలు దాటి, లేచి నడవగలిగితే తీసేయొచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. త్వరగా కోలుకునే పద్ధతి పాటించే కొన్ని ఆస్పత్రుల్లో ఆపరేషన్ అయిన వెంటనే తీసేస్తారు. మన దగ్గర మాత్రం "రేపు రౌండ్స్‌లో చూద్దాం" అంటూ రెండో రోజుకి వెళ్లిపోవడం మామూలు. దీనికో మెలిక ఉంది, మరీ తొందరగా తీస్తే యూరిన్ రాక మళ్లీ పెట్టాల్సి రావొచ్చు. వెన్నులో మార్ఫిన్ కలిపి ఇచ్చినవాళ్లకు యూరిన్ ఆగిపోవడం ఎక్కువ, కాబట్టి మత్తు డాక్టర్‌ని ఏ మందు ఇస్తున్నారో అడిగి దాన్ని బట్టి సమయం ఖాయం చేసుకోండి.

ఎపిడ్యూరల్‌లో ఒకే పైపు ఉంచాలా, ప్రతి మూడు నాలుగు గంటలకూ పెట్టి తీయాలా? నా లెక్క ఇది: మూత్రనాళంలో మంట ఎక్కువున్నవాళ్లకు నాలుగుసార్లు గుచ్చడం కన్నా ఒకటే ఉండనివ్వడం నయం. లోపల బెలూన్ తగిలితేనే బ్లాడర్ పట్టేసేవాళ్లకు పెట్టి తీయడం నయం.

పైపు తీశాక, లేదా నార్మల్ అయ్యాక, ఆరు గంటల్లోపు మొదటిసారి యూరిన్ వెళ్లాలి, ఎంత వచ్చిందో కొలవాలి. కొద్దికొద్దిగా కారుతూ ఉంటే "వస్తోంది కదా" అని వదిలేయకూడదు, నిండి పొర్లినా అలాగే కారుతుంది. అనుమానం ఉంటే స్కాన్‌లో చూస్తారు, వెళ్లొచ్చాక కూడా 150 మిల్లీలీటర్లకు మించి మిగిలిపోతుంటే దాన్ని ఆగిపోవడంగానే లెక్కేస్తారు.

## బాలింతతనంలో

కాన్పు ఏదైనా, నొప్పి మళ్లీ రేగేది ఎక్కువగా ఇంటికొచ్చాకే. దానికి కొంత కారణం మన ఇళ్లే.

బాలింతకి నీళ్లు తక్కువ ఇవ్వాలంటారు, పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని. నీళ్లు తగ్గితే యూరిన్ చిక్కబడి బ్లాడర్ గోడని కాలుస్తుంది, పాలిచ్చే ఒంటికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. వెల్లుల్లి కారం, మిరియాల చారు, కాయం, ఇవన్నీ మంచి ఉద్దేశంతో పెట్టేవే, కానీ కారం పడని బ్లాడర్‌కి అవి పథ్యం కావు. గొడవ పడకుండా ముందే, ఎనిమిదో నెలలోనే, "నాకు కారం, చింతపండు పడవు, శొంఠి కొంచెం పర్లేదు" అని చెప్పి పెట్టండి. డాక్టర్ చీటీ మీద రాయించి తెస్తే మా అమ్మ ఒప్పుకుంది, నేను ఆరేళ్లుగా చెబుతున్నా ఒప్పుకోని మనిషి.

నడికట్టు. చీరతో పొట్టని గట్టిగా బిగించి కడితే ఒత్తిడంతా కిందికి, సరిగ్గా ఆ కండరాల మీదికే పోతుంది. వదులుగా, నడుముకి ఆసరాగా కట్టుకుంటే ఫర్వాలేదు.

విరేచనం సాఫీగా అవ్వడానికి ఇసబ్‌గోల్ లాంటిది మొదటి రోజు నుంచే డాక్టర్‌ని అడిగి తీసుకోండి. పాలిచ్చే నెలల్లో ఈస్ట్రోజెన్ తగ్గి కింద పొడిబారి మంట పుడుతుంది, అచ్చం జబ్బు తిరగబెట్టినట్టే ఉంటుంది, నాకు అది తెలియడానికి మూడు నెలలు పట్టింది. డాక్టర్‌కి చెబితే రాసుకునే క్రీమ్ ఇవ్వొచ్చు.

గర్భంలోనైనా బాలింతతనంలోనైనా నొప్పి పెరిగితే "నా మామూలు జబ్బే" అని మీకు మీరే తేల్చేయకండి. కల్చర్ పంపండి. గర్భంలో నిజంగా ఇన్ఫెక్షన్ ఉండి వదిలేస్తే కిడ్నీకి ఎక్కుతుంది, నెలలు నిండకుండా నొప్పులూ రావొచ్చు. చలి జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి. వాడుతున్న మందుల్ని గర్భం అని తెలియగానే సొంతంగా ఆపేయడం, పాలిస్తూ సొంతంగా మొదలుపెట్టడం, రెండూ వద్దు.

## ఫైల్లో రాయించిన ఆ నాలుగు ముక్కలు

ఒకటి, ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ ఉంది, కల్చర్‌లో ఏమీ లేకపోయినా నొప్పి ఉంటుంది. రెండు, పైపు తిమ్మిరి ఎక్కాకే, సైజు 12, తొడకి అంటించాలి. మూడు, నడవగానే తీయాలి, డ్యూటీ నర్సు తీయొచ్చు, రౌండ్స్ కోసం ఆగక్కర్లేదు. నాలుగు, తీశాక ఆరు గంటల్లో వెళ్లాలి, కొలవాలి.

మూడోది డాక్టర్ చేతి రాతతో, సంతకంతో ఉండటం వల్లే పనైంది. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ మారింది, కొత్తగా వచ్చిన సిస్టర్ "రేపు పొద్దున చూద్దాం" అనబోయి, కాగితం చదివి, గ్లవ్స్ తెచ్చుకోవడానికి వెళ్లింది. ఒక కాపీ ఫైల్లో, ఒకటి మీతో వచ్చే మనిషి దగ్గర ఉంచండి. నాతో వచ్చింది అత్తయ్య, ఆ కాగితం కొంగున ముడేసుకుని కూర్చుంది.